మిద్దె ఉన్న ఓడ

“అక్కా, బాపు పోయిండు” అని మొన్న చిట్యాల నుంచి తమ్ముడు ఫోన్ చేశాడు. వాడికి బాపు, నాకు పెద్దబాపు, మా నాన్నకు అన్న. నల్లగొండలో బస్సెక్కి నార్కట్‌పల్లి దాటేదాకా నాకు ఒకటే ఆలోచన. ఓడ డెక్కు పూర్తయిందా, లేదా?

మీకు ముందు ఆ ఓడ సంగతి చెప్పాలి. పెద్దబాపు వడ్రంగి. జీవితమంతా తలుపులు, దర్వాజలు చేశాడు. సముద్రం ఎన్నడూ చూడలేదు. రెడీమేడ్ తలుపులొచ్చి పని తగ్గాక, గోడ మీది క్యాలెండర్ బొమ్మ చూసి మూరెడు చెక్క ఓడకు పూనుకున్నాడు. టేకు ముక్కలను అగ్గిపుల్ల మందాన చీల్చి, అంచులకు పెన్సిల్ రుద్ది, పక్కపక్కన అతికించేవాడు. ఆ నల్లగీతలే పలకల మధ్య సందుల్లా కనబడేవి. మేకులకు బదులు కాలిపోయిన అగరుబత్తీల పుల్లలు దిగ్గొట్టేవాడు. అంత లావు వేళ్లకు అంత సన్నపని ఎలా లొంగిందో నాకు ఇప్పటికీ అంతుబట్టదు.

డెక్కును ఆయన మిద్దె అనేవాడు. చిక్కంతా ఆ మాటతోనే వచ్చింది. మా దగ్గర మిద్దె మీద పడ్డ వాన ఒక మూలకు వాలాలి, ఆ మూలన తూము ఉండాలి, తూము కింద బిందె పెట్టాలి. ఇంటింటికీ నల్లా వచ్చాక కూడా ఆయన బిందె పెట్టడం మానలేదు. ఓడకూ అలాగే ఒక మూలకు వాలు పెట్టి, తూము తొలిచి, చెంచాడు నీళ్లు పోసి చూపించాడు.

“సుక్క సుత నిలువదు, సూడు బిడ్డా!”

నాకు నవ్వాగలేదు. ఫోన్‌లో ఓడల ఫొటోలు చూపించాను. డెక్కు నడుమ ఎత్తుగా ఉంటుందనీ, నీళ్లు రెండు పక్కలా సముద్రంలోకి జారిపోతాయనీ చెప్పాను.

చాలాసేపు చూశాడు. “నీళ్లను గట్ల ఇడిసిపెడతరా?” అన్నాడు. ఆ గొంతులోని ఆశ్చర్యానికి నా నవ్వు ఆగిపోయింది.

మర్నాటి నుంచి ఒక్కో పలకా ఊడదీయడం మొదలుపెట్టాడు. అప్పటికే గుండె జబ్బు. పని ముట్టొద్దని దవాఖానలో చెప్పారు.

“ఉండనియ్యి పెద్దబాపూ, ఎవలు సూస్తరు?” అని బతిమాలాను.

“సూసెటోళ్లకు తెల్వకపోవచ్చు. చేసినోనికి తెలుసు గద బిడ్డా.”

పొద్దున ఒక పలక, పొద్దూకి ఒక పలక. అంతకుమించి చెయ్యి సాగేది కాదు. ఎందుకు నోరు జారానా అని నన్ను నేను ఎన్నిసార్లు తిట్టుకున్నానో. ఫోన్ చేసినప్పుడల్లా ఆరోగ్యం అడగబోయి, ఇంకెన్ని మిగిలాయని అడిగేదాన్ని. “అయితది తియ్యి, ఫికర్ జెయ్యకు” అనేవాడు.

ఆయన పోయిన మూడో రోజున పనిబల్ల మీది గుడ్డ తీశాను. పలకలన్నీ ఉన్నాయి. చివరి పుల్ల తల కూడా నున్నగా కోసి ఉంది. నడుమ ఎత్తు, రెండు పక్కలా వాలు. తూము మూసేశాడు. కానీ ఆ మూలన చింతగింజంత చెక్కబిందె ఒకటి నిలబెట్టాడు.

ఏడుపు ఆపుకోలేకపోయాను. కాసేపటికి చెంబుతో నీళ్లు తెచ్చి డెక్కు మీద చిలకరించాను. నీళ్లు రెండు పక్కలకూ జారిపోయాయి. బిందెలో మాత్రం ఒక చుక్క నిలిచింది.