వెంకట్రాములు చెక్కిన అచ్చు

నిర్మల్‌లో పొనికి కర్రతో బొమ్మలు చెక్కిన వెంకట్రాములు ఇరవై రెండేళ్లుగా షార్జా ఇండస్ట్రియల్ ఏరియాలో పటాలకు ఫ్రేములు కడుతున్నాడు. యాభై ఎనిమిదేళ్లకే కట్టుడు పళ్లొచ్చాయి.

కరోనా తగ్గిన ఏడాది ఒక హోటల్ నుంచి ఫ్రేములు కట్టమని నలభై జపాన్ బొమ్మలొచ్చాయి. చెక్క మీద చెక్కి కాగితం మీద అచ్చేసిన పాతకాలపువి. అన్నిట్లోనూ ముసలివాళ్లే. ఒకడు నుదుటి మీదున్న కళ్లద్దాల కోసం చాప కింద వెతుకుతున్నాడు. ఇంకొకడు బోసినోటితో పిండివంటను కొరకలేక కళ్లు తేలేశాడు. వెంకట్రాములుకు నవ్వొచ్చింది. వీటిని చెక్కినవాడూ ముసలివాడే అయ్యుంటాడనుకున్నాడు.

సూపర్‌వైజర్ సుజిత్ నవ్వు వేరు. వెంకట్రాములు పళ్లు తీసి కడుక్కుంటుండగా ఫొటో తీసి, ఆ బోసినోటి బొమ్మ పక్కన చేర్చి, 'మన జపాన్ తాత' అని కంపెనీ వాట్సాప్ గ్రూపులో పెట్టాడు. అది చేతులు మారి నిర్మల్ చేరింది. భార్య సాయవ్వ ఫోన్ చేసింది.

"గాడ నిన్ను గిట్లనే ఆడుకుంటరా?"

ఆ గొంతులోని జాలి విన్నాక అతనికి అన్నం సయించలేదు.

సుజిత్‌కు నలభై తొమ్మిది. జుట్టుకు రంగేసి, పొట్ట లోపలికి లాగి, ముప్పై తొమ్మిదని చెప్పుకుంటాడు. వెంకట్రాములు అతన్ని మూడు వారాలు కళ్లతోనే కొలిచాడు. మధ్యాహ్నం భోజనాల వేళ ఫ్రేముల చాటున కూర్చుని టేకు ముక్క మీద చెక్కాడు. ఇరవై ఏళ్ల తర్వాతి సుజిత్: బట్టతలకు బ్రష్‌తో రంగు పూసుకుంటూ, జారిన పొట్టను తాడుతో బిగించుకుంటూ. ఒక్కో గీతలో కసి దించాడు.

సిరా పూసి, గరిటె వెనకవైపుతో రుద్ది, అరవై కాగితాలు తీశాడు. గాజు కోసే షావలి చూసి, నీ వీసా ఖలాస్ అని భయపెట్టాడు. అయితే కానీ అన్నాడు వెంకట్రాములు.

శనివారం పొద్దున కంపెనీ యజమాని కఫీల్ వచ్చేసరికి గోడ నిండా అవే. ఆయన బల్ల పట్టుకుని మరీ నవ్వాడు. పనివాళ్లందరూ అందుకున్నారు. సుజిత్ నల్లబడిన ముఖంతో, అన్నీ చింపి క్షమాపణ చెప్పమన్నాడు.

"నువ్వే చింపుకో సారు. అచ్చు నా దగ్గరున్నది" అన్నాడు వెంకట్రాములు.

ఆ రోజు నుంచి వర్క్‌షాపులో తాత అంటే సుజితే. రెండు నెలలకు వెంకట్రాములు వీసాను కంపెనీ పొడిగించలేదు. అతను బతిమాలలేదు. బయల్దేరే రోజు సుజిత్ తనే గదికొచ్చి, మంచం అంచున కూర్చున్నాడు.

"ఆ అచ్చు ఇచ్చేసి వెళ్లండి, వెంకట్రాములు గారూ."

గారూ అనడం అదే మొదలు. వెంకట్రాములు టీ పెట్టి, ఇద్దరూ తాగేదాకా ఎదురుగా కూర్చుని, తీరిగ్గా, ఇవ్వనన్నాడు. ఇన్నేళ్లలో ఏ టీ అంత రుచిగా అనిపించలేదు.