ఎస్తేరు మేడం లాగిన్ మూసిన రోజు

మొన్న మంగళవారం పొద్దున ఎస్తేరు మేడం తమ్ముడు ఫోన్ చేసి, "అక్క పోయింది సార్" అన్నప్పుడు, "ఏ అక్క?" అని అడిగాను. సిగ్గుపడవలసిన ప్రశ్నే. కానీ ముందురోజు దాకా నాతో వాదించి, నా పనిలో తప్పులెన్నిన మనిషి తెల్లవారేసరికి గుండె ఆగి దివంగతురాలైందంటే నా బుద్ధి అంగీకరించలేదు. ఇప్పటికీ పూర్తిగా అంగీకరించలేదు.

జహీరాబాద్‌లో హైవే పక్కనున్న మా ప్రైవేటు దవాఖానలో ఆమె సిస్టం అడ్మినిస్ట్రేటరు. కంప్యూటర్లు, వాటిని కలిపే కేబుళ్ళు, రోగుల రికార్డులు దాచే సర్వరు, సమస్తమూ ఆమె సంరక్షణలోనే ఉండేవి. ఝరాసంగం దగ్గర జొన్నలూ కందులూ పండించే కుటుంబంలో పుట్టి, షేర్ ఆటోల్లో టౌనుకొచ్చి చదువుకుని, స్వయంకృషితో ఈ విద్యలో నిష్ణాతురాలయ్యారు. మా డాక్టర్ల పేర్లు ఊరందరికీ తెలుసు. ఆ డాక్టర్ల తెర మీదికి రక్తపరీక్ష ఫలితం నిమిషంలో ఎలా వస్తుందో, దాని వెనక ఎవరున్నారో ఎవరికీ తెలియదు. తెలియాలనే ఈ నాలుగు మాటలూ రాస్తున్నాను.

మేడంకి సహాయకుడిగా చేరిన మొదటి వారంలో నేను "బ్యాకప్ తీశానండీ" అని గర్వంగా చెప్పాను. మా నాన్న ఉద్యోగానికని కృష్ణా జిల్లా నుంచి ఇక్కడికొచ్చారు, మా ఇంట్లో మాట ఇంకా అక్కడిదే. మేడంకి అదొక వేడుక. "తీశానండీ గాదు శ్రీనూ, తిరిగి పెట్టి చూపియ్యి. పెట్టరాని బ్యాకప్ నాకెందుకు?" అని, ఆ బ్యాకప్ నుంచి ఓ పాత రోగి రికార్డును వేరే కంప్యూటర్లో తెరవమన్నారు. తెరుచుకోలేదు. నా మొహం చూసి నవ్వి, "ఇయ్యాల తెలిసింది, మంచిదే. ఫికర్ చెయ్యకు" అన్నారు. అప్పటినుంచి ప్రతి నెలా మొదటి సోమవారం మా ఇద్దరికీ అదే వ్రతం.

ఇంకోసారి మందుల గది వెనక ఓ కేబుల్ కొస వేలాడుతుంటే, చూడ్డానికి బాగుంటుందని పక్కనున్న స్విచ్‌లో, అంటే కంప్యూటర్ల కేబుళ్ళన్నీ కలిసే పెట్టెలో గుచ్చాను. దాని రెండో కొస కూడా అదే స్విచ్‌లో ఉందని చూసుకోలేదు. పంపిన సమాచారమే గిరగిరా తిరిగొచ్చి, కాసేపట్లో దవాఖాన మొత్తం స్తంభించింది. మేడం అంతస్తు అంతస్తూ తిరిగి కనిపెట్టారు. "సాఫ్ చేద్దామనుకున్నవా? రెండు కొసలకు చీటీ లేని వైరును ముట్టొద్దని చెప్పిన్నా లేదా?" అన్నారు, అంతే. లోపాల పుస్తకంలో మాత్రం "ఒక కేబుల్ రెండు కొసలూ ఒకే స్విచ్‌లో పడ్డాయి" అని రాశారు. నా పేరు లేదు. మేనేజరు పుస్తకం తిరగేసి, "ఎవరు చేసిన్రు మేడం?" అని పట్టుబట్టారు. "పేరు రాస్తే రేపటి సంది నాకెవ్వరు నిజం చెప్పరు సార్. ఎట్లయింది, ఎట్ల సరిజేసినం, గంతే రాస్త" అన్నారు ఆమె. ఆ పుస్తకంలో ఏళ్ళ తరబడి పొరపాట్లున్నాయి, ఒక్క మనిషి పేరూ లేదు.

ఆమె మెత్తని మనిషని ఎవరూ భ్రమపడనక్కర్లేదు. ఒకేసారి రెండు మార్పులు చేస్తే దులిపేసేవారు. ఆదివారం ఏదైనా ఆగితే సరిచేసేవాళ్ళుండరని శనివారం సాయంత్రం ఏ సెట్టింగునూ తాకనిచ్చేవారు కాదు. ఉద్యోగం విడిచినవాళ్ళ లాగిన్‌ను ఆ రోజే మూసేయాలన్నది ఆమె అనుల్లంఘనీయ శాసనం. ఒక పెద్ద డాక్టరుగారి వీడ్కోలు సభలో, ఒకపక్క చప్పట్లు కొడుతూనే, నా చెవిలో "పోయి మూసిరాపో" అన్నారు. పూలదండ ఇంకా ఆయన మెడలోనే ఉంది.

బుధవారం మూడు గంటలకు మేడం అంత్యక్రియలు. ఒంటిగంటకు ఆమె లాగిన్‌ను నేనే మూశాను. మంగళవారమే మూయాల్సింది, మనసొప్పలేదు. ఇంకెవరైనా మూస్తే సహించగలిగేవాణ్ణి కాదు. పావుగంట తిరక్కుండా ల్యాబ్‌లో పనిచేసే రెహానా పరుగున వచ్చింది. "సార్, రిపోర్టులు పైకి పోతలేవు. ఐసీయూ నుంచి ఫోన్ మీద ఫోన్ చేస్తున్రు."

వెతికితే కారణం దొరికింది. ల్యాబ్ నుంచి డాక్టర్ల తెరకు ఫలితాలను చేరవేసే ఏర్పాటును మేడం ఎప్పుడో హడావుడిలో తన సొంత లాగిన్ మీద నడిచేలా పెట్టి, మార్చడం మరిచిపోయారు. ఆ లాగిన్ మూయగానే అదీ ఆగిపోయింది. చేయొద్దని మాకు వందసార్లు చెప్పిన పొరపాటే. చనిపోయిన మనిషి మీద నాకు కోపం వచ్చింది. ఆ వెంటనే ఏడుపూ వచ్చింది.

మేనేజరు నా వెనక నిలబడి, "మేడం లాగిన్ మళ్ళ తెరువు, ఒక్క నిమిషం పని గద. మట్టికి పోవాలె మనం" అన్నారు. ఆయన మాటలో దురుద్దేశం లేదు. తెరిస్తే నేను వేళకు సమాధుల తోటకు చేరతాను, ఆమె ముఖం కడసారి చూస్తాను. తెరవకపోతే ఆ పనికి ప్రత్యేకంగా ఓ ఖాతా సృష్టించి, ఒక్కో మెట్టూ పరీక్షించాలి. రెండు గంటలు పడుతుంది. కానీ తెరిస్తే, లేని మనిషి పేరు మీద రోగుల రిపోర్టులు నడుస్తాయి. రేపు మారుద్దామనుకుంటే ఆ రేపు రాదని నా కళ్ళెదుటే రుజువుంది.

"తెరవనండీ, మీరు బయల్దేరండి" అన్నాను.

రెహానా, ఇద్దరు నర్సులు రిపోర్టులను కాగితాల మీద రాసి, మెట్లెక్కి చేతికందించారు. కంప్యూటర్ ఆగినప్పుడు అలా చేయాలని వాళ్ళకు నేర్పిందీ మేడమే. ఏ రోగి వైద్యమూ ఆగలేదు. మూడున్నరకు ఐసీయూ తెర మీద మొదటి రిపోర్టు కనబడింది. నేను చేరేసరికి మట్టి కప్పేశారు. మేడం తమ్ముడు నా చెయ్యి పట్టుకుని, "గింత లేటా సార్?" అన్నాడు. జరిగింది చెప్పాను. "అక్క ఉన్నా గదే చెయ్యమంటుండె" అన్నాడు.

మరునాడు మేనేజరు, "అసలు తప్పెవరిది?" అని అడిగారు. పుస్తకం ఆయన ముందు పెట్టాను. "ఒక పని ఒక మనిషి లాగిన్ మీద నడిచింది. ప్రత్యేక ఖాతాకు మార్చాం" అని మాత్రమే రాసి ఉంది. ఆయన చదివి, సంతకం పెట్టి వెళ్ళిపోయారు.

ఆ మహనీయురాలికి నేనర్పించగల అంజలి అదొక్కటే. దవాఖాన నడుస్తుంది, నేను నడిపిస్తాను, ఆ విషయంలో నాకు రవ్వంత సందేహం లేదు. అంత ధైర్యమూ ఆమె పెట్టిన భిక్షే. కానీ ఆ బుధవారం నేను చేసింది సరైన పనేనా అని అడగాలని ఉంది. మేనేజరు సరేనన్నారు, తమ్ముడు సరేనన్నాడు. వాళ్ళ మాట నాకు చాలడం లేదు. చెప్పగలిగిన ఆ ఒక్క మనిషిని నేను కడసారి చూడకుండానే మట్టికిచ్చాం.