చెరువుల కింది ఎరుపు

ఉద్యోగంలో చేరిన కొత్తలో భూమి లోపల ఏముందో నాకు తెలుసనే నమ్మకం ఉండేది. భూమి పైన ఏముందో తెలియకపోవడం వల్ల వచ్చిన నమ్మకం అది. నేల అడుగున గ్యాసు దాగే రాతి పొరలకు కంప్యూటర్లో త్రీడీ బొమ్మ కట్టడం నా పని. మౌసు కదిపితే పొరలు తిరిగేవి. (సాయంత్రానికి నా తలా తిరిగేది.)

కలిదిండి దగ్గర గ్యాసు బావికి మా లారీలు రెండు చేపల చెరువుల మధ్య గట్టు మీదుగా వెళ్లాలి. చెరువులు ఇద్దరు అన్నదమ్ములవి. అటుది అన్నది, ఇటుది తమ్ముడిది, గట్టు ఉమ్మడి. లారీలకు దారి ఇస్తున్నట్టు ఇద్దరూ సంతకాలు పెట్టాలి, ఆస్తి పంపకాల నుంచీ ఇద్దరికీ మాటల్లేవు. "ముందు ఆయన్ని పెట్టమనండి సంతకం" అని ఈయన, "వాణ్ణి పెట్టమనండి" అని ఆయన. "సంతకాలు లేకుండా ఏలూరు రావద్దు, వచ్చినా ఆఫీసుకి రావద్దు" అన్నారు మా పెద్దసారు, ఎంతో మృదువుగా. ఉద్యోగం ఇంకా ఖాయం కానివాడికి ఆ మృదుత్వం బాగా అర్థమవుతుంది. నాలుగుసార్లు ఉత్త చేతులతో తిరిగొచ్చి, ఐదోసారి ఇద్దరినీ గట్టు మీదికి పిలిచి, మేత బస్తాల మీద లాప్‌టాప్ తెరిచాను. బొమ్మ చూస్తే మనసు మారుతుందని నా ఊహ.

మారింది. తమ్ముడి చెరువు కింద పొర ఎర్రగా, అన్న చెరువు కింద నీలంగా కనిపించింది.

"ఎరుపంటే గ్యాసేనాండీ?" అన్నాడు అన్న.

"కాదండీ. అక్కడ పొర కాస్త పైకి ఉంది, ఇక్కడ లోతుగా ఉంది. అంతేనండి."

"అంటే మావాడికి పైనే దొరుకుద్ది, నేను లోతుగా తవ్వుకోవాలి."

"మీరు తవ్వరండీ."

"పంపకాలప్పుడే చెప్పానండీ, ఆ చెరువు మనం తీసుకుందామని" అంది మజ్జిగ చెంబుతో అప్పుడే వచ్చిన అన్న భార్య.

"వానకి గట్టు తెగుద్దని వద్దన్నది మీరేగా వదినా" అన్నాడు తమ్ముడు. "ఇప్పుడు మార్చమంటే కుదరదు."

సంతకం సంగతి అందరూ మరిచిపోయారు. అలసిపోయిన మనిషికి వచ్చే తెలివి ప్రమాదకరం. రంగులు మనం పెట్టుకునేవేనని చూపిద్దామని, ఒక్క నొక్కుతో వాటిని తారుమారు చేశాను. ఎరుపు అన్న కిందికి వచ్చింది.

"ఇందాక ఎరుపు మాకే గదండీ?" అన్నాడు తమ్ముడు.

"రంగుదేముందండీ, నేనెలా పెడితే అలా వస్తుంది." (నా వృత్తి గురించి నేను చెప్పిన పరమసత్యం. ఆ రోజు చెప్పాల్సింది కాదు.)

అన్నదమ్ములు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు.

"ఏరా, ఈ బాబుకేం తెలీదురా."

"నాకూ అదే అనిపిస్తోంది అన్నయ్యా. కింద ఏమీ ఉండదు."

"ఏమీ లేనప్పుడు లారీలెళ్తే మనకేంటి? పాపం, ఐదోసారి ఎండలో పడి వచ్చాడు. ఏదీ, ఆ కాగితం ఇలా ఇవ్వండి."

"నువ్వు పెట్టు ముందు" అని తమ్ముడు కాగితం గాలికి లేవకుండా పట్టుకున్నాడు. వదినగారు నాకు మజ్జిగ ఇస్తూ, "చదువదీ పూర్తయిందా బాబూ?" అని అడిగారు.

ఉద్యోగం నిలిచింది. బొమ్మ చూసి ఒప్పుకున్నారని ఆఫీసులో అనుకున్నారు, నేను కాదనలేదు. ఇప్పుడు నా బొమ్మలు మరింత నున్నగా ఉంటాయి, మాటలు మరింత జాగ్రత్తగా ఉంటాయి. నేను చెబితే పెద్దపెద్దవాళ్లు తలలూపుతారు. ఆకివీడు దారిలో బస్సు చెరువుల పక్కగా వెళుతుంటే మాత్రం ఒక్కోసారి అనిపిస్తుంది, నన్ను నమ్మేవాళ్లు చాలామందే ఉన్నారు, చూసి జాలిపడి మజ్జిగ ఇచ్చేవాళ్లే తగ్గిపోయారు.