బాపు పేరు పెట్టాలనుకున్న తుంగ

ఆ రోజుల్లో నాకు రెండు నమ్మకాలు గట్టిగా ఉండేవి. నాకంటే ముందు పుట్టినవాళ్లెవరూ దేన్నీ సరిగ్గా చూడలేదని ఒకటి, నేను చూసిందే సరైనదని రెండోది. ఇరవై మూడేళ్ల వయసులో ఇవి అందరికీ ఉంటాయేమో. కానీ నేను అప్పుడే వృక్షశాస్త్రంలో ఎమ్మెస్సీ పాసై ఉన్నాను కాబట్టి, నా నమ్మకాల మీద యూనివర్సిటీ ముద్ర కూడా పడింది. ఆ ముద్ర చెరిపెయ్యడానికి ఒక గడ్డపార, ఒక బెండ మడి, మా బాపు (నాన్నను అలాగే పిలుస్తాం) కావలసి వచ్చారు.

మాది నస్పూర్. బాపు బొగ్గు బాయిలో, అంటే గనిలో పనిచేసేవాడు, కంపెనీ క్వార్టర్‌లో ఉండేవాళ్లం. దేశంలో పెరిగే ప్రతి మొక్కనూ వర్ణించి, పోల్చుకునే గుర్తులు రాసి, సంపుటాలుగా అచ్చువేసే పెద్ద పని ఒకటి అప్పుడు నడుస్తుండేది. అందులో మా వైపు దొరికే తుంగల వంతు కరీంనగర్‌లో ఉండే ఒక సారుకు వచ్చింది. ఆయనకు సహాయకురాలిగా నన్ను తీసుకున్నారు. (పూలు అందంగా ఉండే మొక్కలన్నిటినీ మిగతా పెద్దలు ముందే పంచేసుకున్నారని తర్వాత తెలిసింది.) తుంగల జోలికి తెలివైనవాళ్లు పోరు. పువ్వుకు రేకులుండవు. గింజను భూతద్దం కింద పెట్టి చూడాలి. ఒకే మొక్క నీళ్లలో ఒక రూపంలో, ఎండలో ఇంకో రూపంలో ఉంటుంది. ఒక పండితుడు మూడు జాతులన్న చోట ఇంకొకరు ఒకటే అంటారు, ఇద్దరూ వందేళ్లు వాదించుకుంటారు.

ఉద్యోగం సంగతి ఇంట్లో చెబితే బాపు, "ఏం పని బిడ్డా?" అని అడిగాడు.

"తుంగ ఎన్ని తీర్లుంటదో చూసుడు బాపూ."

బాపు కాసేపు ఆలోచించి, "గది బర్రెలకు ఎర్కనే గద, దానికి ఎమ్మెస్సీ ఎందుకు" అన్నాడు. వెక్కిరింపు కాదు, నిజంగానే అడిగాడు.

సారును మేమంతా మూడంచుల సారు అనేవాళ్లం. ఎవరు చేరినా మొదటిరోజే చేతిలో ఒక కాడ పెట్టి, "జర వేళ్ల నడుమ తిప్పమ్మా. గుండ్రంగ తిరిగితె గడ్డి, మూడంచులు తగిలితె తుంగ" అనేవారు. అందరితోనూ మెత్తగా మాట్లాడే మనిషి, ఒక్క విషయంలో తప్ప. తుంగను వేరుతో సహా తవ్వి తేవాలి, పైన తెంపి తెస్తే ఆయన దృష్టిలో అది మొక్కే కాదు. రెండు మొక్కలు వేరువేరని చెప్పేముందు, వాటి మధ్యన నిలబడే మూడోది ఉందేమో వెతకమనేవారు కూడా. నేను తల ఊపేదాన్ని. నేల మెత్తగా ఉన్నచోట తవ్వేదాన్ని, గట్టిగా ఉన్నచోట బ్లేడుతో కోసేదాన్ని. పాత పేపర్ల మధ్య పెట్టి ఎండబెట్టాక ఎవరు చూడొచ్చారు?

ఆరు నెలలయ్యేసరికి, సారు అయిదు రకాలుంటాయనుకున్న కట్టలో నేను పద్నాలుగు తేల్చాను. వెంట్రుకలు లెక్కపెట్టాను, ఆకు వెడల్పు కొలిచాను, ఎక్కడ రవ్వంత తేడా కనబడితే అక్కడ ఒక జాతిని నిలబెట్టాను. సారు నా పట్టికను రెండుసార్లు చదివి, "ఇన్ని రకాలని తెలిస్తె తుంగలే పరేషాన్ అయితయమ్మా" అన్నారు.

ఆ పద్నాలుగింటిలో ఒకటి నా ప్రాణం. మంథని దగ్గర ఒక పొలం గట్టు మీద (అక్కడి మాటలో ఒడ్డు) దొరికింది. జానెడు కూడా లేదు, ఎర్రటి తల, బిరుసైన పొట్టి ఆకులు. ఏ పాత నమూనాతోనూ కలవలేదు. ప్రపంచానికి కొత్త జాతి అని తేల్చుకున్నాను. కొత్త మొక్కకు మన పేరు మనం పెట్టుకోవడం మర్యాద కాదు, ఇంకొకరి పేరు పెట్టొచ్చు. ఆ ఆదివారం ఇంటికి పోయి, నీ పేరు పెడుతున్నానని బాపుకు చెప్పాను.

"నా పేరు? గడ్డికా?"

"తుంగకు బాపూ. పుస్తకంల అచ్చయితది. ఎన్నేండ్లైనా ఉంటది."

బాపు లేచి మొహం కడుక్కుని, తల దువ్వుకుని వచ్చి మళ్లీ కూర్చున్నాడు. మర్నాడు మొదటి షిఫ్టు ముగిసేలోగా బాయి మొత్తానికి తెలిసిపోయింది. దోస్తులు ఆయన్ని తుంగన్నా అని పిలవడం మొదలుపెట్టారు, దావత్ ఎప్పుడని అడిగారు. బాపు వచ్చే నెల అని మాటిచ్చేశాడు.

సారు మాత్రం నా మొక్కను చాలాసేపు చూసి, "వేరు ఏది?" అన్నారు.

"నేల గట్టిగుండె సారూ."

"తల చూసి పేరు పెట్టద్దమ్మా. పోయి కిందిది గూడ తీస్కరా. ఫికర్ లేదు, తుంగ యాడికి పోతది."

బాపు సెలవు పెట్టి నాతో బయల్దేరాడు. "ముప్పై ఏండ్ల సంది తవ్వుతున్న. నువ్వేం తవ్వుతవ్" అన్నాడు. ఇస్త్రీ చేసిన తెల్ల చొక్కా వేసుకుని, పొట్టి గడ్డపారను గోనెసంచిలో చుట్టి పట్టుకున్నాడు. రెండు బస్సులు మారి మంథని చేరాం. ఆ గట్టుకు ఒక పక్క వరిపొలం నిండా నీళ్లు, ఇంకో పక్క కాస్త పల్లంలో బెండ మడి. మడిలో ఆ పొలం గల అవ్వ కలుపు తీస్తోంది.

"అక్కా, గీ తుంగ జర తవ్వుకుంట" అన్నాడు బాపు.

"తుంగనా? మొత్తం తీస్కపో అన్నా, నీకు పున్నెముంటది."

నేను కోసిన చోటే మళ్లీ మొలిచిన నా పొట్టి మొక్క పక్కన బాపు గొంతుక్కూర్చుని, బాయిలో పైకప్పును తట్టి చూసినట్టు గడ్డపారతో నేలను చుట్టూ తట్టి చూశాడు. తర్వాత మెల్లగా తవ్వాడు. వేరు కింద నల్లటి చిన్న గడ్డ, దాన్నుంచి తీగలాంటి సన్నటి వేరు పక్కకు పోతోంది.

"బిడ్డా, గిది గిట్ల పోతున్నది."

"తెంపెయ్ బాపూ."

"తెంపుతరా? బొగ్గు పొర దొరికినంక యాడిదాంక పోతదో చూడాలె."

గట్టు అడుగున సొరంగం తవ్వుతూ పోయాడు. ఇంకో గడ్డ వచ్చింది, దాని మీద నా మొక్కకంటే కాస్త పొడుగైన మొక్క. మళ్లీ తీగ. భుజం దాకా చేయి లోపలికి పోయింది. ఆ తీగ గట్టు దాటి, బెండ మడిలో మోకాలెత్తు పెరిగిన మామూలు తుంగ కిందికి చేరింది. ఏ రైతును అడిగినా గుర్తుపట్టే తుంగ. సారు చెప్పిన అయిదింటిలో మొట్టమొదటిది.

పొట్టిది, మధ్యది, పొడుగుది మూడూ ఒకే తీగకు వేలాడుతున్నాయి. అంటే మూడూ ఒకటే జాతి. లోపల తల పెట్టిన బాపు మాత్రం సంతోషంగా, "దొరికింది బిడ్డా, గిదైతె ఇంక పెద్దగున్నది. గిది గూడ నా పేరేనా?" అని అడిగాడు.

జవాబు చెప్పే పని నాకు తప్పింది. లోపల డొల్లయిన గట్టు బాపు భుజం పక్కన కుంగింది, వరిపొలంలోని నీళ్లు బెండ మడిలోకి దూకాయి. అవ్వ కొడవలి కింద పెట్టి, నడుం మీద చేతులు వేసుకుని, "తుంగ తీస్కపొమ్మంటె ఒడ్డు తీస్కపోతున్నవేంది అన్నా" అంది.

మధ్యాహ్నం దాకా ముగ్గురం మట్టి మోసి గట్టు పోశాం. సరిగ్గా చెప్పాలంటే మేమిద్దరం పోశాం, అవ్వ తప్పులు పట్టింది. తెల్ల చొక్కా రంగు ఏదో చెప్పడం ఏ పండితుడికీ సాధ్యం కాకుండా పోయింది. చివరికి ధైర్యం తెచ్చుకుని, "బాపూ, అది కొత్తది కాదు. మామూలు తుంగనే" అన్నాను.

బాపు కాలువలో చేతులు కడుక్కుంటున్నాడు. "నేను తవ్వకపోతె?"

"తెల్వకపోతుండె."

"నా పేరుతోని అచ్చయితుండెనా?"

"అయితుండెనేమో."

"మరి తవ్వుడే మంచిగైంది. లేని గడ్డికి నా పేరెందుకు" అన్నాడు. గొంతు మామూలుగానే ఉంది కానీ చేతులు మాత్రం చాలాసేపు కడుక్కున్నాడు.

అవ్వ వింటూనే ఉంది. "గది తుంగనో కాదో నన్నడిగితె నేను చెప్పకపోదునా?"

"మరి పొట్టిగ, ఎర్రగ ఉంది కద అవ్వా?" అన్నాను, చచ్చిన వాదనను లేపడానికి.

"ఒడ్డు మీద అందరి కాళ్ల కింద పడి, పొద్దంత ఎండల ఉంటె నువ్వు గూడ గట్లనే అయితవ్ బిడ్డా."

ఆరు నెలలు నేను భూతద్దంతో చదివిన పాఠం అవ్వ ఒక్క మాటలో చెప్పేసింది.

మూడు మొక్కలూ తీగ తెగకుండా తీసుకుపోతే సారు వాటిని ఒకే కాగితం మీద పరిచి, పిల్లవాడిలా మురిసిపోయారు. "మధ్యది దొరికిందమ్మా. గిదే కావాలె" అన్నారు. నా కొత్త జాతి పోయిందన్న బాధ ఆయనకు కొంచెం కూడా లేదు. ఎవరు తవ్వారని అడిగి, సేకరించినవారు అన్నచోట నా పేరు పక్కన బాపు పేరు రాశారు. ఆ తర్వాత రెండు వారాలు కూర్చుని, నేనే నిలబెట్టిన తొమ్మిది జాతుల్ని నేనే కూలగొట్టాను. సంపుటం అచ్చయినప్పుడు మామూలు తుంగ వర్ణన చివర, పొడి గట్ల మీద పొట్టిగా, ఎర్రటి తలతో ఉంటుందని ఒక ముక్క చేరింది. బాపు ఇచ్చిన మాట తప్పకుండా దోస్తులకు దావత్ ఇచ్చాడు. ఎందుకిస్తున్నాడని ఎవరూ అడగలేదు.

ఇప్పుడు కరీంనగర్‌లో పాఠాలు చెప్పుకుంటున్నాను. కిందటి నెల ఏదో పని మీద ఆ ఎండు మొక్కల బీరువాలున్న గదికి పోతే, ఊరికే తుంగల అర తెరిపించాను. అక్కడ ఒక పద్ధతి ఉంది. ఎంత తప్పుడు చీటీ అయినా పీకెయ్యరు, సరైనది పక్కన అతికిస్తారంతే. నేను బ్లేడుతో కోసిన ఆ పొట్టి తుంగ అలాగే ఉంది. కింద, మామూలు తుంగ అని సారు సన్నటి అక్షరాల్లో రాసిన చీటీ. దాని పైన గుండ్రటి పెద్ద అక్షరాలతో, "కొత్త జాతి, సందేహం లేదు" అని, కింద రెండు గీతలు.

బీరువా తీసిన అమ్మాయి ఆ గీతల్ని చూసి నవ్వు ఆపుకుంటూ, "ఎవరు మేడం గింత గట్టిగ రాసింది?" అని అడిగింది.

"తెలిసిన పిల్లనే" అన్నాను. "మంచిదే గని, జర తొందర."