పసుపు రంగు బ్రేకులు

మొన్న శనివారం పొద్దున, కాఫీ ఇంకా సగంలో ఉండగానే నా మనవరాలు ఫోనుకు ఒక ఫోటో పంపింది. నూనె మరకల గుడ్డ మీద అరిగిపోయిన బ్రేక్ ప్యాడ్లు నాలుగు, వాటి పక్కన విప్పని కొత్త పెట్టెలు మూడు. బెంగళూరు మారతహళ్ళిలో అద్దెకుండి ఆఫీసుకు పోయే ఈ పిల్లకు నా పాత ఎర్ర స్పోర్ట్స్ కారు తాళాలు పోయిన నెలే ఇచ్చాను. దాన్ని కాడుగోడిలో ఎవరో మెకానిక్ దగ్గర చక్రాలు విప్పించి కూర్చుందట. ఫోటో చూసేలోగా ఫోనే మోగింది. "తాతా, మూడిట్లో ఏది వేయించను? నువ్వు ఎలా డ్రైవ్ చేసేవాడివని ఈయన అడుగుతున్నాడు. నంది కొండ రేస్ గురించి చెప్పాను. అయితే రేస్ ప్యాడ్సే కరెక్ట్ అంటున్నాడు. ఓకే చెప్పేయనా?" కాఫీ గ్లాసు పక్కన పెట్టేశాను. "నేను వస్తా ఉండాను. అంతవరకూ దేన్నీ బిగించనీకు" అన్నాను. చొక్కా గుండీలు క్యాబులో కూర్చున్నాక పెట్టుకున్నాను.

నంది కొండ కథ మీకూ చెప్పాలి. నేను ఎప్పుడూ చెప్పే పద్ధతిలోనే చెబుతాను. నా డ్రైవింగు చూసి ముచ్చటపడి ఒక మహారాజు గారి బంధువు ఆ రెండు సీట్ల కారు నాకు వదిలిపెట్టాడు. ఒక రోజు తెల్లవారుజామున, మద్రాసు నుంచి వచ్చిన రేసుల మొనగాడు ఒకడు నంది కొండ కింద నన్ను సవాలు చేశాడు. మలుపు మలుపుకూ ఒకరినొకరం దాటుకుంటూ ఎక్కాం. ఆఖరి మలుపులో నా చక్రాల నుంచి పొగ లేచింది. పైన కారు దిగి ఆ మొనగాడు టోపీ తీసి నాకు నమస్కారం పెట్టాడు. కథ ఇదీ. ఇక సవరణలు. కారు కొన్నది ఒక పళ్ళ డాక్టరు దగ్గర. మొనగాడు అన్నవాడు మా ముందు పోతున్న టూరిస్టు వ్యాను డ్రైవరు. అక్కడ పోటీ జరుగుతోందని ఆయనకు తెలియదు. పొగ మాత్రం నిజం. హ్యాండ్ బ్రేకు దించడం మరిచిపోయి ఇంటి నుంచి దేవనహళ్ళి దాకా నడిపాను. ఈ సవరణలు ఇంట్లో ఎవరికీ ఇన్నేళ్ళుగా చెప్పలేదు. ఎవరికేం నష్టమనుకున్నాను. ఇప్పుడు ఆ అబద్ధాన్ని నమ్ముకుని ఒక పిల్ల నా కారుకు బ్రేకులు వేయించబోతోంది.

ఆ రోజు కారులో నా భార్య కూడా ఉంది. ఎప్పుడు లేదు కనక. ఎడమ సీట్లో, కొంగు నడుముకు చుట్టుకుని, ఒళ్ళో పులిహోర డబ్బా పెట్టుకుని కూర్చునేది. దూరంగా బస్సు కనబడగానే ఆవిడ కుడికాలు నేలను గట్టిగా తొక్కేది. నాకు బస్సు కనబడేది ఆ తర్వాతే. "అక్కడ బ్రేకు లేదే" అంటే, "మీ పక్క ఒకటి ఉండాది కదా, నా పక్క ఒకటి ఉండొద్దా?" అనేది. అలా తొక్కి తొక్కి ఆ పక్క రబ్బరు చాపకు మడమ ఆనే చోట వడంత గుంట పడింది. చాప మారుద్దామని ఎన్నిసార్లు అన్నా ఒప్పుకోలేదు. కొత్తదయితే కాలు జారుతుందట.

ఆవిడ అన్నగారు, అంటే మా బావ, నగర్తపేటలో బ్రేకుల పని చేసేవాడు. స్కూటరు దూరితే మనిషి గోడకు అతుక్కోవాల్సిన సందులో ఆయన దుకాణం. ఆ రోజుల్లో నా కారులాంటి వాటికి కొత్త ప్యాడ్లు దొరికేవి కావు. పాత ప్యాడ్లను కాగితంలో చుట్టుకుని పోవాలి. ఆయన అరిగిన లైనింగు పొర గీకి పారేసి, ఇనుప పలక మీద కొత్తది జిగురుతో అతికించి, పొయ్యిలో పెట్టి కాల్చేవాడు. ఒకే పొయ్యిలో పదిమంది పలకలు కాలతాయి కాబట్టి కలిసిపోకుండా ప్రతి పలక వెనకా కారు గలవాళ్ళ పేరులోని మొదటి అక్షరం సుత్తితో అచ్చు కొట్టేవాడు. అన్నిటికన్నా ముందు అరిగిన ప్యాడ్ మీద బొటనవేలు రాసి చూసేవాడు. అది ఆయన జాతకం చెప్పే పద్ధతి. ఎవడు తాగి నడుపుతాడో, ఎవడు కోపంగా నడుపుతాడో చెప్పేసేవాడు.

ఒకసారి నా ప్యాడ్లు అలాగే తడిమి, "ఏం బావా, గాజు మాదిరి నున్నగా ఉండాయే. అరవై స్పీడు దాటినోడి ప్యాడ్లు కావప్పా ఇవి. కాలు బ్రేకు మీదే ఆనించుకోని పోతా ఉండావు" అన్నాడు. దుకాణంలో ఇంకో ఇద్దరు కూర్చుని ఉన్నారు. వాళ్ళు లేకపోతే ఒప్పుకునేవాణ్ణేమో. "నాకు రేసులవాళ్ళు వేసుకునే పసుపు రంగువి కావాలి" అన్నాను, కాస్త గట్టిగానే.

"అవి కాగితేగానీ పట్టవు బావా. ఇంట్లోనుంచి బయటికొచ్చిన మొదటి సిగ్నల్లో ప్యాడ్ చల్లగా ఉంటాది. ముందర బస్సు ఉంటాది. అప్పుడేం చేస్తావు?"

నేను నంది కొండ కథ ఎత్తుకున్నాను. ఆయన అడ్డం రాకుండా చివరిదాకా విన్నాడు. విని, "సరే, గురువారం రా" అన్నాడు.

గురువారానికి నిమ్మపండు రంగు ప్యాడ్లు తయారు. బిగించుకుని ఊరంతా చెప్పుకున్నాను. పట్టు ఎలా ఉందో చూశావా అని నా భార్యను అడిగాను. ఆవిడ ఎప్పటిలాగే నేలను తొక్కుతూ "బాగుండాది" అంది. నిజం చెప్పాలంటే నాకు తేడా ఏమీ తెలియలేదు. అయినా తెలిసిందని అందరికీ చెప్పాను. ఆ తర్వాత ఎప్పుడు అరిగినా బావ నేను అడక్కుండానే పసుపువే ఇచ్చేవాడు. ముందు ఆయన పోయాడు, తర్వాత ఆవిడ పోయింది. కారు గుడ్డ కప్పుకుని షెడ్డులో ఉండిపోయింది.

కాడుగోడి చేరేసరికి మెకానిక్, కోలారు వైపు తెలుగాయన, ఒక పాత ప్యాడ్ అంచును గోటితో గీరుతున్నాడు. "సార్, ఇది ఉట్టి పెయింటు. కింద మామూలు మెత్త లైనింగే. ఎవరో మిమ్మల్ని బాగా మోసం చేసినారు" అన్నాడు.

నేను ప్యాడ్ చేతిలోకి తీసుకున్నాను. మా మనవరాలు నా చేతిలోనే దాన్ని వెనక్కి తిప్పింది. "ఇక్కడ లెటర్ ఏదో ఉంది తాతా. కానీ నీ పేరు కాదు."

నా పేరు కాదు. నా భార్య పేరులోని మొదటి అక్షరం. నాలుగు పలకల వెనకా అదే. ఇన్నేళ్ళలో ఒక్కసారైనా వెనక్కి తిప్పి చూసిన పాపాన పోలేదు నేను. పొయ్యి ముందు కూర్చుని అచ్చు కొడుతున్నప్పుడు మా బావ లెక్కలో ఆ కారు నాది కాదు. నాకు కావలసిన రంగు పైపైన పూసి, చెల్లెలికి కావలసిన బ్రేకు లోపల పెట్టాడు. గొప్పలు చెప్పుకునేవాణ్ణి నొప్పించకుండా ఎలా కాపాడాలో ఆయనకు తెలుసు.

పెట్రోలు డబ్బా మీద కూర్చున్నాను. "నంది కొండ మీద రేసు జరగలేదమ్మా" అన్నాను.

ఆ పిల్ల నా ఎదురుగా గొంతుక్కూర్చుంది. "మరి పొగ?"

"హ్యాండ్ బ్రేకు."

మెకానిక్ అటు తిరిగి అక్కర్లేని స్పానరు ఏదో వెతకడం మొదలుపెట్టాడు.

"టీమ్ లంచ్‌లో అందరికీ చెప్పాను తాతా. మా మేనేజర్‌కి కూడా చెప్పాను." గొంతులో నవ్వు లేదు. "మహారాజు?"

"పళ్ళ డాక్టరు."

అప్పుడు నవ్వింది, కళ్ళు తుడుచుకుంటూ. నవ్వి, రేసు ప్యాడ్ల పెట్టెను కాలితో పక్కకు తోసింది. అన్నిటికన్నా మెత్తవి ఏవని అడిగాను. మెకానిక్ మూడో పెట్టె చూపించి, "మొదటి తొక్కుడుకే పడతాయి సార్. కానీ బిరీన అరిగిపోతాయి" అన్నాడు. అరగనీ అన్నాను. బిగించే ముందు పలకల వెనక ఒక అక్షరం కొట్టమన్నాను. "పెట్టెలో వచ్చినవి సార్, ఎవరివాటితోనూ కలిసిపోవు" అన్నాడాయన. అయినా కొట్టమన్నాను. మేకుతో, సుత్తితో, వంకరగా, మా మనవరాలి పేరులోని మొదటి అక్షరం కొట్టాడు.

తిరిగి వస్తున్నప్పుడు ఆ పిల్ల నడిపింది. ఆ కారు ఎడమ సీట్లో నేను కూర్చోవడం అదే మొదటిసారి. వైట్‌ఫీల్డ్ దగ్గర నీళ్ళ ట్యాంకరు ఒకటి చెప్పాపెట్టకుండా ముందు ఆగింది. నా కుడికాలు దానంతటదే నేలను తొక్కింది. మడమ సరిగ్గా చాపలోని ఆ గుంటలోకి దిగింది. కారు మెత్తగా, బుద్ధిగా ఆగింది.

"తాతా, అక్కడ బ్రేక్ లేదు" అంది మనవరాలు.

"ఉండాది" అన్నాను.

ట్యాంకరు కదిలేదాకా కాలు తీయలేదు. ఆవిడ అన్నేళ్ళు తొక్కినా ఆ బ్రేకు దేన్నీ ఆపలేదనే అనుకునేవాణ్ణి. కానీ ఆ కాసేపు, ఆ గుంటలో కాలం ఆగి నా కోసం చూస్తున్నట్టే ఉంది. ఇదొక్కటీ పెంచి చెప్పడం లేదు.