అరవై శాతం అత్తగారు

పన్ను తగ్గించుకోబోయి కుర్చీ పోగొట్టుకున్న మేధావిని ఎప్పుడైనా చూశారా? చూడకపోతే రాయ్‌పూర్ రండి. శంకర్ నగర్‌లో ఉంటాను, టిఫిన్ పెట్టి మరీ చెబుతాను.

పక్కనున్న తిల్దా ఊరి రైస్ మిల్లులకు జల్లెడలు చేసిచ్చే నా షెడ్డుని అప్పట్లో ప్రైవేట్ లిమిటెడ్ కంపెనీగా మారుస్తున్నాను. డైరెక్టర్లం నేనూ, మా ఆవిడ పద్మా. ఎండీని మాత్రం నేనే! గిర్రున తిరిగే కుర్చీ కూడా కొనేశాను.

మా ఆడిటర్ శర్మాజీ వివరించాడు. "కంపెనీ వేరు, మీరు వేరు. లాభం మీద కంపెనీ పన్ను కడుతుంది. మిగిలింది డివిడెండ్‌గా పంచుకుంటే మళ్ళీ మీరూ కట్టాలి."

"ఒక్క లాభానికి రెండు పన్నులా? పోనీ, షేర్లు పద్మ పేరున పెడితే?"

"మీ డబ్బుతో కొంటే, ఆ ఆదాయం మీ లెక్కలోనే కలుపుతారు."

"మా అత్తగారి పేరున? ఆవిడకి పైసా ఆదాయం లేదు."

"అది కలపరు. కానీ సోచ్ లీజియే భాయ్‌సాబ్, బాగా ఆలోచించుకోండి, వాటా ఎవరిదో ఓటు వాళ్ళది."

"భలేవారే! మా శ్రీకాకుళం వైపు అల్లుడి మాట అత్త కాదనదండీ."

అరవై శాతం షేర్లు ఆవిడకి రాసేశాను. నాకు పెరుగులో మీగడ వేసే చెయ్యి, ఓటు ఇంకెవరికి వేస్తుంది చెప్పండి?

ఏడాది తిరిగింది. మా హాల్లోనే వార్షిక సమావేశం. నేను గొంతు సవరించుకుని, "ఎండీకి కంపెనీ ఖర్చుతో పెద్ద కారు" అన్నాను.

"ఎందుకు బాబూ? షెడ్డు రేకులు కారుతున్నాయి కదా," అన్నారు అత్తగారు.

"అత్తయ్యగారూ, ఇవి వ్యాపారం సంగతులు. ఎండీని నేను!"

ఆవిడ శర్మాజీ వైపు తిరిగి, "ఈ ఎండీని మార్చాలంటే ఎలాగండీ?" అన్నారు.

శర్మాజీ నన్ను చూడకుండా, "నోటీసిచ్చి, ఇంకో మీటింగు పెట్టి, ఓటెయ్యాలి మాతాజీ," అన్నాడు.

పెట్టారు. అల్లుడికి మర్యాద తగ్గకుండా ముందు గారెలు వడ్డించి, తర్వాత పదవి పీకేశారు. బిల్లులూ జీఎస్టీ మొదట్నుంచీ చూస్తున్న పద్మ ఎండీ అయింది. ఇంట గెలిచి రచ్చ గెలవమన్నారు పెద్దలు. నేను రచ్చ గెలిచొచ్చి ఇంట్లో మెజారిటీ పోగొట్టుకున్నాను.

"మరి నేనో?" అన్నాను ఏడుపు మొహంతో.

"మీరు సేల్స్ మేనేజరు," అంది పద్మ. "మీ జీతం కంపెనీకి ఖర్చు. ఆ మేరకు పన్ను తగ్గుతుంది. మీక్కావలసిందీ అదేగా?"

అందుకే ప్రతిజ్ఞ చేస్తున్నాను: ప్రాణం పోయినా సరే, పన్ను మిగుల్చుకోడానికి ఇంకెప్పుడూ అత్తగారికి ఓటు హక్కు ఇవ్వను. ఈ ప్రతిజ్ఞని నిన్నటి మీటింగులో ప్రవేశపెట్టాను కూడా. అరవై శాతం వ్యతిరేకతతో వీగిపోయింది.