గండి పడిన రోజు అప్పా ఎక్కడున్నాడు

మా అప్పాను మెత్తని మనిషి అనేవాళ్ళను చూస్తే నాకు ఇప్పటికీ ఒళ్ళు మండుతుంది. మెత్తగా ఉన్నాడు కాబట్టే కదా, ఎవరికి వీలైనంత వాళ్ళు తొక్కారు.

ఆయన తంజావూరు వైపు మనిషి. మద్రాసులో ఇంజనీరింగు చదివి ధవళేశ్వరంలో కాలువల పనికి వచ్చాడు. అప్పటికి నేను అమ్మ చంకలో ఉన్నానట. చెల్లెళ్ళిద్దరూ ఇక్కడే పుట్టారు. మాకు తెలిసిన ఊరూ ఇదే, వీధిలో మాట్లాడిన మాటా ఇదే. అయినా చివరిదాకా మాది అరవ ఇంజనీరు ఇల్లే. నేను ‘అప్పా’ అని పిలిస్తే నీళ్ళకు పోయే ఆడవాళ్ళు ఆ పిలుపును సాగదీసి నవ్వేవాళ్ళు.

చిన్న చెల్లెలు పుట్టాక అమ్మకు కీళ్ళు పట్టేశాయి. వేళ్ళు ముడుచుకునేవి కావు. అప్పటినుంచి మా ముగ్గురికీ పొద్దున్నే జడలు వేసింది అప్పాయే. మూడు పాయలూ సమానంగా రాకపోతే విప్పి మళ్ళీ వేసేవాడు. పిండీ ఆయనే రుబ్బేవాడు.

“ఏంటండీ ఇంజనీరు గారూ, ఇవాళ కూడా మీరే రుబ్బారా?” అని గోడ మీదుగా పక్కింటాయన వేళాకోళమాడితే, “రుబ్బానండి, కొంచెం గట్టిగా వచ్చింది” అని నిజం చెప్పేవాడు. ఆ పక్కింటాయన అప్పా పనిచేసే కచేరీలోనే పెద్ద గుమాస్తా. ఆయన్ని మేం బాబాయిగారూ అనేవాళ్ళం. ఆయన పిల్లలు మా ఇంట్లో తినని రోజు లేదు.

నాకు పదకొండో ఏడు నడుస్తున్నప్పుడు, దిగువన ఒక పేట దగ్గర కాలువ గట్టు అడుగున ఊట కనిపించింది. ఎండ్రకాయలు తొలిచేసిన గట్టు అది. తవ్వి, బంకమట్టి కొట్టించి, రాయి పేర్చాలని అప్పా పైనున్న దొరకు మూడుసార్లు రాశాడు. రాసిన ప్రతిసారీ అమ్మకు చదివి అర్థం చెప్పేవాడు కాబట్టి ఆ సంగతి నాకూ తెలుసు. మూడు ఉత్తరాలూ గుమాస్తా చేతికే ఇచ్చాడు. దేనికీ జవాబు రాలేదు.

శ్రావణంలో వరద వచ్చింది. అప్పా రెండు రోజులు ఇంటికే రాలేదు. మూడోనాడు మధ్యాహ్నం గండి పడింది. ఆ పేటలో చర్చికి వెళ్ళే కూలీల కుటుంబాలు ఉండేవి. ఇళ్ళు కూలిపోయాయి. ఒక ముసలమ్మ నీళ్ళలో పోయింది. ఆమెను బయటికి మోసుకొచ్చింది మా అప్పా, ఆ పేట మట్టిపని మేస్త్రీ కలిసి.

విచారణ జరిగింది. గండి పడినప్పుడు ఇంజనీరు గట్టు మీద లేడు, జబ్బు పెళ్ళాం దగ్గర ఇంట్లో కూర్చున్నాడు అని దొర చెప్పాడు. ఆ రోజు దొర కాకినాడలో ఉన్నాడు! ఉత్తరాల మాట అడిగితే, అలాంటివి కచేరీకి రాలేదన్నాడు గుమాస్తా. అంతటితో ఊరుకున్నాడా? “ఆయనకు ఇంటి ధ్యాస ఎక్కువండి. ఆడపిల్లల జడలు కూడా ఆయనే వేస్తాడు” అన్నాడట. అక్కడున్నవాళ్ళంతా నవ్వారట.

మేస్త్రీ సాక్ష్యం చెప్పడానికి నడిచి వచ్చాడు. వరండా మెట్లు కూడా ఎక్కనివ్వలేదు. “నడుంలోతు నీళ్ళలో నా పక్కనే తాటిదుంగ పట్టుకుని నిలబడ్డారండీ, రాసుకోండి బాబూ” అని ఎండలో నిలబడి అరిచాడట. ఒక్కడూ కలం ముట్టలేదు.

ఇదంతా ఇంటికి వచ్చి అప్పాయే అమ్మతో చెప్పాడు. గొంతు కూడా పెంచకుండా.

“నువ్వెందుకు ఊరుకున్నావు?” అని అరిచాను.

“జడలు వేసే మాట నిజమేగా అమ్మా. అబద్ధమని ఎలా అనను?”

ఆ జవాబుకు ఆయన మీద వచ్చినంత కోపం నాకు దొర మీద కూడా రాలేదు. పక్కింటికి వెళ్ళి వసారాలో గుమాస్తా ముందు నిలబడ్డాను. “మా అప్పా రాసిన ఉత్తరాలు ఏం చేశారు?” అన్నాను.

“ఆడపిల్లవి, నీకెందుకమ్మా కచేరీ సంగతులు” అన్నాడు, నా మొహం చూడకుండా.

మళ్ళీ ఆయన్ని బాబాయిగారూ అనలేదు.

అప్పా హోదా తగ్గించి సముద్రం దగ్గర, ఉప్పుగాలి తప్ప మరేం లేని చోట, కాలువలో పడవలు దాటించే ఒక లాకుకు పంపారు. వైద్యుడు కావాలంటే పడవ ఎక్కాలి. అమ్మ అక్కడే రెండేళ్ళకు పోయింది. ఆ గట్టును మాత్రం తరవాత బంకమట్టితో, రాతితో కట్టారు. దొర పై ఉద్యోగానికి వెళ్ళిపోయాడు. అప్పా మళ్ళీ పెళ్ళి చేసుకోలేదు. మమ్మల్ని ముగ్గురినీ పెంచి, ఒక్కొక్కరినీ అత్తవారింటికి పంపి, ఆ లాకు దగ్గరే పని చేస్తూ చనిపోయాడు. పని మీద విసుగు చూపించిన రోజు నాకు గుర్తులేదు.

ఆఖరిసారి చూడటానికి వెళ్ళినప్పుడు జ్వరంలో ఉన్నాడు. “ఆ గట్టు ఇంకా కొంచెం వెడల్పుగా కట్టాల్సింది” అని మొదలుపెట్టాడు.

“ఇంక ఆ గట్టు మాట ఎత్తకు అప్పా” అని కసిరాను.

ఆయన నా కూతురికి కొత్త పళ్ళు వచ్చాయా అని అడిగాడు. వచ్చాయన్నాను. ఎన్ని అన్నాడు. కోపంలో సరిగా జవాబు కూడా చెప్పలేదు.